కాలిపోయిన ఐదో రీలు

మా అమ్మమ్మ పోయేదాకా ఒకే మాట మీద నిలబడింది:
"విశాఖపట్నాన్ని నేను పైనుంచి చూశానే."
విమానం ఎక్కింది లేదు, యారాడ కొండైనా ఎక్కింది లేదు.
ఎక్కింది ఒక ఈతచాప.

కోటవీధి చివర, ఉప్పుగాలికి ఊగే డేరా.
నేల టిక్కెట్టు అణా, ఎవరి చాప వాళ్ళదే.
తెల్లగుడ్డ మీద బాగ్దాదు.
దొంగ గోడ దూకుతాడు, చప్పుడుండదు.
రాకుమారి గాజులు విసిరికొడుతుంది, చప్పుడుండదు.
చప్పుడంతా గుడ్డ పక్కన పీటెక్కి నిల్చున్న
తెడ్డు పరసన్నది.

రంగం స్టీమర్లో బొగ్గు పోసి వచ్చినవాడు.
అక్షరమ్ముక్క రాదు.
తెర మీద ఇంగ్లీషు పడగానే తడుముకోకుండా చదివేసేవాడు.
సుల్తాను "ఏటి బావూ, పన్ను కట్టనేదేటి?" అని గద్దించేవాడు.
సీసాలోంచి లేచిన భూతం ముందు గంజి అడిగేది.
మాంత్రికుడికి మాత్రం
అచ్చం హార్బరు కంట్రాక్టరు గొంతు.
వెనక వరసలో మట్టి మోసే కూలీలు
ఆ గొంతుకి ఈలలు వేసేవాళ్ళు.

ఆ రాత్రి ఐదో రీలు లేదు.
బరంపురంలో కాలిపోయిందట.
తివాచీ ఎగిరేది అందులోనే.
మిషను దగ్గర అప్పలసూరి చెమట తుడుచుకుంటున్నాడు.
"డబ్బులిచ్చీండి" అని ఎవడో లేచాడు.
పరసన్న దీపం ఆర్పించేశాడు.

"కూకోండి. చాప అంచులు గట్టిగా అట్టుకోండి.
పక్కోళ్ళ పిల్లల్ని కూడా అట్టుకోండి.
లెగిసింది."

డేరా గుడ్డ టపటపా కొట్టుకుంది.

"కిందకి సూడండి, బయం నేదు.
అదిగో లైటుహవుసు, అగ్గిపుల్లంత.
అల్లవిగో మూడు కొండలు, పొయ్యిరాళ్ళు:
ఒకదాని మీద సిలువ, ఒకదాని మీద పచ్చజెండా,
ఒకదాని మీద నామాలసామి.
మద్దిలో ఉడుకుతున్నాది మన ఊరే.
బురదలో ఆ ఎండ్రకాయేటనుకున్నారు? డ్రెడ్జరు."

నవ్వులు. అమ్మమ్మకి ఏడేళ్ళు. కళ్ళు తిరిగి
ఎవరిదో కొత్త కోక మీద వాంతి చేసుకుంది.

అప్పుడు చీకట్లో ఒక ఆడగొంతు, మెల్లిగా:
"పరసన్నా,
మావోడి తెప్ప అగుపిస్తందేటి?"

మైలపల్లి ఎర్రమ్మ. కార్తీకం తుపానుకి
వెళ్ళిన తెప్ప. మళ్ళీ కార్తీకం వచ్చేసింది.

మూగబొమ్మలాటలో అంతసేపు
ఎవరూ మాట్లాడకపోవడం అదే మొదటిసారి.
హార్మనీ వాయించేవాడు కూడా తిత్తి వదిలేశాడు.

"అగుపిస్తంది," అన్నాడు.
"శానా దూరం. దీపం ఎలుగుతంది."

ఇంకేమీ చెప్పలేదు. ఊరి మీద ఒక చుట్టు తిప్పి
అందర్నీ ఇసకలోకి దించేశాడు.
డబ్బులు ఎవరూ అడగలేదు.

రెండేళ్ళకి తెరకే మాటలొచ్చాయి.
పరసన్న రేవులో మోకులు విసిరే పనికి కుదిరాడు.
గాలిలో తాడు మెలిక చూసి
ఓడవాళ్ళు అందుకుంటారు, అంతే. నోరు విప్పక్కర్లేదు.

మొన్న ఒక స్నేహితుడి ఇంట్లో ఆ సినిమా దొరికింది.
చెక్కుచెదరకుండా, ఐదో రీలుతో సహా.
తివాచీ నలభై సెకన్లు ఎగిరింది.
ఎడమ మూల తీగ కనబడుతూనే ఉంది.
కింద అట్టముక్కల మేడలు, అట్టముక్కల గుమ్మటాలు.
వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను, మూల మూలా వెతికాను.

ఆ ఊళ్ళో సముద్రమే లేదు.
అమ్మమ్మ పక్కనుంటే
నా మోచెయ్యి పొడిచి అడిగేది,
"మరి ఎర్రమ్మ మొగుడేడే?"