చేదు చూసి

కుక్కర్ మూడో కూత వేసే వేళకి
నేనింకా నిన్నటి జాకెట్టుకి హుక్కులు కుడుతూ ఉంటాను.
ఏడూ నలభైకి శేషారత్నం బండి తీస్తుంది.
పెద్దాసుపత్రిలో ఓపీ చీటీలు రాసే ఉద్యోగం,
కుర్చీ ఆగినా క్యూ ఆగదు.
మధ్యలో ఉన్న గంటా పది నిమిషాలు నావి.
గంటా పది నిమిషాలు, మూడు గిన్నెల క్యారేజీ.

మొదట్లో నా వంటంటే
కొలత తీసుకోకుండా కత్తెర వెయ్యడమే.
పొగలు కక్కే అన్నానికి మూత బిగించి పంపేవాణ్ణి,
అదే ప్రేమనుకుని.
ఒంటిగంటకి అది చెమటపట్టి ముద్దయ్యేదట,
మూతకి పట్టిన నీళ్లన్నీ వేపుడు మీద కారేవట.
ఇప్పుడు పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద,
రెండు కాజాలు కుట్టేంతసేపు ఆరనిస్తాను.
అంతే. ఇంత చిన్న సంగతి
నా బుర్రకెక్కడానికి నాలుగు నెలలు పట్టింది.

పెరుగూ అంతే.
రాత్రి తోడుకున్నది పెట్టి పంపితే
మధ్యాహ్నానికి పుల్లటి నీళ్లు.
గోరువెచ్చని పాలు గిన్నెలోనే పోసి
చెంచాడు మజ్జిగ తగిలించి పంపితే
ఆసుపత్రి బల్ల సొరుగులో కూర్చుని
తనంతట తనే తోడుకుంటుంది.
గుంటూరు ఎండ
ఈ ఒక్క పనికైనా పనికొచ్చింది.

ఆదివారం నువ్వులూ ఎండుమిరపకాయలూ వేయించి
రెండు వెల్లుల్లి రెబ్బలు పడేసి దంచుకుంటాను,
కూర ఓడిపోయిన రోజు పొడి పరువు నిలబెడుతుంది.
బీరకాయ తొక్కు పారెయ్యను.
గుడ్డ మిగిలితే జేబు,
తొక్కు మిగిలితే పచ్చడి.

ఇక దోసకాయ.
చుట్టుగుంట రైతుబజారులో తూకం వేస్తూ
మస్తానమ్మ ముందే చెప్పింది:
"పైకి అన్నీ పసుపేనయ్యా.
కోసిన ప్రతి కాయా నాలిక్కి పెట్టి చూడు.
ఒక్కటి చాలు, పప్పంతా పోద్ది."
విన్నాను. తలూపాను.
పెళ్లిళ్ల కాలం, నెత్తిమీద పదకొండు జాకెట్లు.
ఆ రోజు మూడు కాయల్లో
రెండే చూశాను.

రెండింటికి నా కంచంలో మొదటి ముద్ద.
కాకరకాయలా చెప్పి వచ్చే చేదు కాదది,
గొంతు వెనకాల మేకు కొట్టే చేదు.
ఫోన్ చేశాను.
"తిన్నావా?"
"ఆ."
"పప్పు ఎలా ఉంది?"
"బానే ఉంది. పెట్టెయ్, జనం ఉన్నారు."

సాయంత్రం క్యారేజీ వచ్చింది,
ఖాళీగా.
కడిగి ఉంది.
ఇన్నేళ్లలో ఒక్కనాడూ
క్యారేజీ కడిగి తెచ్చిన మనిషి కాదు.
సబ్బు వాసన వేస్తున్న ఆ గిన్నెని
చేతుల్లో తిప్పి తిప్పి చూశాను.
తిన్నదో, పారబోసిందో
నేను అడగలేదు.
ఆవిడ జడ విప్పుకుంటూ
ఓపీలో ఎవరో పెద్దాయన
తన పేరు తనే మర్చిపోయిన కథ చెప్పింది.
రాత్రికి ఇద్దరం ఉప్మా తిన్నాం,
ఉప్పు సరిగ్గా కుదిరింది ఆ పూట, ఎందుకో.

అప్పట్నించీ ప్రతి దోసకాయా
చెక్కు తీసి, తొడిమ వైపొక ముక్క, కొస వైపొక ముక్క
నోట్లో వేసుకుని
సూదిలో దారం ఎక్కించేటప్పటిలా
ఊపిరి బిగబట్టి చూస్తాను.

ఇవాళ పొద్దున రెండో ముక్క
ఆవిడ నోటి దగ్గర పెట్టాను.
మెళ్లో ఆసుపత్రి కార్డు వేసుకుంటోంది.
"నువ్వు చూశావుగా?"
"నువ్వూ చూడు."
నమిలింది. గోడ గడియారం వంక చూసింది.
"చప్పగా ఉంది," అంది.

చప్పగా ఉందంటే చాలు.
ఉప్పూ కారం నేను చూసుకుంటాను.