రిమార్కుల గడి

కువైట్ ఎంబసీలో పుట్టి
ఢిల్లీలో ఒక ముద్ర, చిత్తూరులో రెండు ముద్రలు వేయించుకొని
పలమనేరు స్టేషనుకొచ్చేసరికి
ఆ కాగితానికి ఇరవై రెండు రోజుల వయసు.
ఏడు రోజుల్లో జవాబియ్యమని అందులో ఉండాది.

పాస్‌పోర్టు ఎంక్వయిరీలు చూసేది నేనే,
కానిస్టేబుల్ మునిరత్నం.
ఎప్పుడూ పోయేవాళ్ళ కోసం ఇండ్లిండ్లు తిరగతా ఉంటా.
ఇది వచ్చేదాని కోసం.

పేరు దేశమ్మ. భర్త పేరు గడిలో గీత.
పాస్‌పోర్టు, యజమాని దగ్గర. యజమాని, ఫోనెత్తడు.
శుక్రవారం క్యాంపులో టోకెన్ నూట పదకొండు.
ఎవురో మన పక్కోడే
ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టినాడు:
"పలమనేరు దాటినాక గువ్వలమిట్ట.
నూనె మిల్లు పక్క సందు, మూడో ఇల్లు, పచ్చ తలుపు.
ఎవుర్నడిగినా చెప్తారు సార్."
కింద అచ్చులో ప్రశ్న:
ఈమె భారతీయురాలేనా?

అడిగితి.

రేషన్ డీలరు మిషన్ తిప్పి చూపించె,
"వేలిముద్ర పడక పేరు ఎగిరిపోయింది సార్."
ఓటర్ల జాబితాలో దేశయ్య, పురుషుడు. వయసు మాత్రం సరిపోయింది.
పట్టుపురుగుల షెడ్డు కదిరివేలు
ఫోటోను వెలుతురుకు పట్టి చానాసేపు చూసినాడు.
"మా దగ్గర ఆరు పంటలు చేసింది.
నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకు తింటే
వాన మాదిరి సద్దొస్తాది గదా,
చీకట్లో ఆ సద్దు వినే
ఏ తట్టకు ఆకు చాల్లేదో చెప్పేది.
ఇది రాసుకుంటారా సార్?"
దానికి గడి లేదు.

అక్కులమ్మ ఫోటో చూడనే లేదు.
"నాకు మూడు నూర్లు బాకీ. పోయే ముందురోజు తీసుకునింది."
నేనడిగింది బాకీ గురించి కాదవ్వా అంటే
కిందికీ మీదికీ చూసింది నన్ను.
"నాకు బాకీ ఉండేది
పరదేశం మనిషి ఎట్లయితాదబ్బా?"

ఇంక స్థల విచారణ.
నూనె మిల్లు లేదు.
ఆ జాగాలో సెల్ టవరు, దాని కింద టమేటా క్రేట్లు.
సందును రోడ్డు మింగేసింది.
మూడో ఇల్లంటే యాడనుంచి లెక్కబెట్టాల?
పచ్చ తలుపును ఎవురో గొర్రెల దొడ్డికి అడ్డం పెట్టుకున్నారు,
ఒక మూల రంగు మిగిలుండాది, గోరంత.
తొమ్మిదేండ్లు ఎవురింట్లోనో గిన్నెలు తోముతా
ఈ ఊరిని ఆమె అట్లే పెట్టుకోనుండాది.
మనిషి నిజమే.
తప్పుడు వివరాలిచ్చింది ఊరు.

రాత్రి స్టేషన్లో రిమార్కుల గడి ముందర కూర్చుంటి.
రెండు వేళ్ళ వెడల్పు.
వాన సద్దు పట్టదు. మూడు నూర్లు పట్టవు.
"విచారించడమైనది. సదరు మహిళ ఈ గ్రామస్థురాలే."
మిల్లు సంగతి రాయలేదు.
రాస్తే అది మళ్ళీ చిత్తూరు, ఢిల్లీ, సముద్రం దాటాల.
ఇరవై ఏండ్ల సర్వీసులో నేను దాచిన సాక్ష్యం
అదొక్కటే. దాదాపు.

ఎండలు ముదిరినాక ఒకరోజు
బస్టాండు ముందర ట్రాఫిక్ డ్యూటీ.
బెంగుళూరు బస్సు దిగి, నల్ల సంచీతో
నేరుగా నా దగ్గరికే వచ్చింది.
"అన్నా, గువ్వలమిట్ట నూనె మిల్లుకాడికి ఆటో ఏది?"
ఫోటోలో కన్నా సన్నగా ఉండాది.
నేనెవురో ఆమెకు తెలీదు, చెప్పలేదు.
"టవరు కాడ దించు" అంటి ఆటో వాడితో.
టవరేంది అన్నట్టు చూసింది,
మళ్ళీ నా ఖాకీ చూసి
సంచీలోంచి నాలుగు మడతల కాగితం తీసింది.
ఒక్క ప్రయాణానికి మాత్రమే చెల్లే కాగితం.
అసలుది ఏర్‌పోర్టులో ఉంచుకోనుంటారు,
ఇది జిరాక్సు.

"వద్దులేమ్మా" అన్నా.

ఆటో మలుపు తిరిగేదాకా చూస్తా ఉంటి.
కాగితం విప్పి చేతిలోనే పట్టుకోనుండాది,
ఇంకా ఎవురో అడగతారని.