చిలుం

బిట్రగుంట నుంచి ప్యాసింజరులో తెచ్చింది పరిమళ
దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని.
"పదకొండేళ్ళు అటక మీదే ఉండిందన్నా.
ఆన్ చేస్తే గుర్రుమంటది, పలకదు."

కావలి ట్రంకు రోడ్డులో నా కొట్టు.
రొయ్యల లారీ పోయినప్పుడల్లా
బల్ల మీద మరలు వణుకుతాయి.
కీబోర్డు బోర్లేశాను.
తొమ్మిది స్క్రూలకి ఎనిమిది, ఒక మేకు.

లోపల చిటికెన వేలంత బ్యాటరీ.
కరెంటు పోయినా స్వరాలు మరిచిపోకూడదని
కంపెనీవాళ్ళు పెట్టిన కాపలా.
కారింది అదే.
తోమని రాగిచెంబుకి పట్టినట్టు చిలుం,
పచ్చగా, అంచుల్లో నీలంగా,
గీత వెంట గీతని తినుకుంటూ
చిప్పుల కాళ్ళ దాకా పాకింది.

గూడూరు నిమ్మకాయ కోసి పిండాను.
సన్నగా నురగ.
మా చిన్నోడి పాత పళ్ళ బ్రష్షుతో తోమాను,
భూతద్దం కంటికి ఆనించి.
పైకి గీత ఉన్నట్టే ఉంటుంది
సూది మోపితే పొడి.

పాడైన ఇయర్‌ఫోన్ వైరు చీల్చి
వెంట్రుకంత పోగులు తీసి
తెగిన చోటల్లా అతికాను. మూడు రోజులు.
పనిలో పని, కింది వరసలో
మూగగా ఉన్న ఒక 'మ' మెట్టు కూడా బాగుచేశాను.

"పద్నాలుగో నంబరు పెట్టన్నా" అంది వస్తూనే.
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో రాత్రుళ్ళు కూర్చుని
తనే కట్టుకున్న గొంతంట అది
సగం సన్నాయి, సగం ఇంజను కూత.
రిసెప్షన్లలో జంట స్టేజీ ఎక్కేటప్పుడు
అదే వాయించేదంట.

పద్నాలుగు నొక్కాను. ఉత్త పియానో.
పదిహేనూ అదే.

కాసేపు ఫ్యాను చప్పుడు.
"కొత్త బ్యాటరీ వేస్తాను, ఈసారి నువ్వు దాచుకునేవి పోవు" అన్నాను.
"పెట్టబాకన్నా.
కరెంటు ఉన్నంతసేపు మోగితే చాల్లే."

నిలబడే వాయించింది, భుజాన బ్యాగు తీయకుండానే.
పాట కిందికి దిగి ఆ 'మ' దగ్గరికొచ్చింది.
వేలు ఆగలేదు, చూడలేదు,
వీధిలో గుంట తెలిసిన కాలులా
దాటేసి అవతల పడింది.

అది ఇప్పుడు పలుకుతుందమ్మా
అనబోయి
నిమ్మవాసన వేస్తున్న చేతుల్తో
ఎనిమిది వందలకి చిల్లర వెతికాను.