కాలు తీసే ముందు

ఆటోనగర్ గేటు దగ్గర మురుగుకాలవ తవ్వకం. మే నెల.
ప్రొక్లెయినర్ లివర్లకి తడిగుడ్డ చుట్టి పట్టుకుంటున్నాను.
మధ్యాహ్నం బండి నీడలో
క్యారేజీ విప్పుకుంటూ బాజీ అడిగాడు:
"అన్నా, అక్కడ ఏం తవ్వావు? మంచులో ఏముంటదని?"

ఏమీ లేదురా. అదే సంగతి.
మా వల్లెపోళ్ళం ఏడు తరాలుగా తవ్వుతున్నాం,
బావులు, బందరు కాలవ పూడిక, ఎవరెవరి పునాదులో.
ప్రతి గుంటలోనూ ఏదో ఒకటి తగిలేది:
పెంకు, వేరు, ఎముక, ఒకసారి ఇత్తడి గంటె.
మా నాయన పిడికెడు మన్ను వాసన చూసి
"ఈ గోడ సాయంత్రం దాకా ఆగదు, పైకి రండ్రా" అనేవాడు.
అక్కడ పిడికెడు మంచు తీసి వాసన చూశాను.
అలవాటు.
ఏ వాసనా లేదు. ముక్కు మాత్రం మండింది,
పచ్చిమిరప కోసిన చేత్తో తుడుచుకున్నట్టు.

రాత్రి అనేదే లేదు. షిఫ్టు అయిందని
గడియారం చెప్పాల్సిందే.
ఇంజన్ ఆపకూడదు. ఆపితే డీజిల్
పేరిన నెయ్యి అయిపోద్ది.
బకెట్ దించితే ఇసక కాదు, రాయి కాదు,
పటికబెల్లాన్ని గీకినట్టు చప్పుడు.
మూడు నిలువుల లోతు. లోపల లేత నీలం,
తెల్లచొక్కాకి పెట్టే నీలిమందు రంగు.
దన్ను లేదు, వాసం లేదు, అయినా గోడలు నిలబడ్డాయి.
నాకు భయం వేసింది, నిలబడినందుకే.

తర్వాత ఇంజనీరు వర్గీసు, చేతిలో బొమ్మ కాగితం:
కందకం మీద ఒంపు రేకులు బోర్లించాలి,
తవ్విన మంచునే పిండిలా చిమ్మి పైన కప్పాలి,
రెండు రోజులు ఆగి రేకు లాగెయ్యాలి,
కప్పు దానంతట అదే...
"తెలుసు సార్" అన్నాను.
ఎట్టా తెలుసన్నాడు.
ఏమని చెప్పను హిందీలో?
సీతానగరం రేవులో తడి ఇసకలో
కాలు పెట్టి, పైన కప్పి, అరచేత్తో తట్టి తట్టి,
ఊపిరి బిగబట్టి కాలు లాగిన
ప్రతి పిల్లోడికీ తెలుసని!
"పిచ్చుక గూడు" అన్నాను, తెలుగులోనే.
ఆయన రాసుకున్నాడు.

రేకు లాగిన రోజు ఎవరూ మాట్లాడలేదు.
కప్పు నిలిచింది. దాని కింద బల్లలు వేశారు,
స్టవ్ వెలిగించి, మొదటి టీ నా చేత పెట్టించారు.
పైన గాలి ఊళ పెడుతుంటే కింద
ధాన్యం పాతరలోకి దిగినట్టు నిశ్శబ్దం.

వచ్చేసే ముందు, వర్గీసు గోడకి కొట్టిన
గుర్తు దగ్గర వేళ్ళు పెట్టి కొలిచాను.
నాలుగు వేళ్ళు దిగింది.
"పడదు, దిగుద్ది" అన్నాడాయన. "ఏటా కొంచెం.
ఒకనాటికి నేలా కప్పూ కలిసిపోతాయి,
ఇక్కడ తవ్వినట్టు కూడా తెలియదు."
ఈ మాట మా నాయనకి చెప్పాలనిపించింది.
ఆయన మీదికొచ్చిన గోడ
ఒక్క దగ్గు దగ్గేంత సేపు కూడా ఇవ్వలేదు.

బాజీ నమ్మలేదు. కాంక్రీటుకి తెచ్చిన ఇసక మీద
నీళ్ళ సీసా ఒంపి, చెప్పు విప్పి, కాలు పెట్టాడు.
కప్పాడు. తట్టాడు. లాగాడు.
నిలిచింది.
"చూశావా!" అని వాడు నవ్వేలోపు
సూపర్‌వైజర్ ఈల.
క్యాబిన్ ఎక్కి తాళం తిప్పాను.

గూడు వైపు చూడలేదు.
"గోడ పక్కన నిలబడకురా" అని మాత్రం అరిచాను.