ఆరో వరస, మూడోది

పాకాల దాటినాక మా కయ్యలో
నూటముప్పై పరంగి మొక్కలు.
అయిదో నెల దాకా ఏది ఆడో ఏది మొగో
ఒక్కటీ నోరు విప్పలేదు.
పూత దిగినాకనే తెలిసింది:
కాండాన్ని అంటుకోని ఒంటిగా కూర్చున్నివి ఆడవి,
మూరెడు తొడిమ చాపి
గుత్తులుగా గాలికి ఊగులాడేవి మొగవి.

మండీలో మొగదానికి ధర లేదు.
ఏకాంబరం కొడవలెత్తుకోని వరస పట్టినాడు.
నరికిన చోటల్లా పాలు.

"ఆగబ్బోడా" అనింది కుప్పమ్మత్త,
"అన్నీ కొట్టేస్తే ఆడచెట్లు గొడ్డుపోతాయి.
పదీపన్నెండింటికి ఒకటన్నా నిలపాల."

"ఏది నిలపాల?"

ఆడదాన్ని ఎంచడం పసిబిడ్డకైనా వచ్చు.
కాయ కోస్తావు, తింటావు,
నాలికనడిగి చెప్తావు.
మొగదానికి కాయ ఏదీ?
దాన్ని దేంతో అడగాల?

నాలుగు దినాలు గెనెం మీదనే తిరిగింది అత్త.
అందరికంటే ముందే పూసి మురిసినదాన్ని తీసేయమనింది.
తాటిచెట్టంత ఏపుగా లేసినదాన్నీ:
"దీని కూతుళ్ళకు నిచ్చెనెయ్యాల ఎవురు?"
ఆకు ముడత ఉండేదాని పక్కకే పోలా.
పొద్దుగూకినాక పూలు వాసన చూసింది.
గాలివానకు ఒరగనివాటి మొదట్లో
అరచెయ్యి ఆనించి ఊరికే నిలబడింది.

అంతా అయినాక చూపించింది
రాళ్ళ పక్కన ఒక కురచ చెట్టు.
మేమైతే దాన్ని లెక్కలోనే పెట్టలేదు.

"దీని తల్లి పెనుమూరులో మా అక్క పెరట్లో ఉన్నింది.
బోర్లెండిన ఏడు అంట్లు తోమిన నీళ్ళు తాగి కాసింది.
పిడికెడు కాయ. తేనె.
ఆ తీపి వీడికాడ ఉండాది.
వాడు తినడు, మనకు చూపీడు.
కూతురి నోట్లో పెట్టేదాకా
మోసుకోని తిరగతాడు, అంతే."

"ఉండాదని ఏం నమ్మకం?"
"నమ్మకం కాదు రా. ఆగడం."

తెల్లారి మంచు ఆరకముందే
పాత పంచె చించి కుట్టిన సంచులు
మొగ్గమీదుండే ఆడపూలకు కట్టినాము,
పక్క చేని పుప్పొడి దూరకుండా.
విచ్చినాక సంచి విప్పి
ఆ కురచోడి పూలు తెచ్చి
కోడి ఈకతో అద్దింది అత్త,
బిడ్డ కంటికి కాటిక పెట్టినట్టు.

పండినాక ఇత్తనాలు కడిగి నీడనార్చి
బూడిదలో కలిపి పౌడరు డబ్బాలో పోసింది.
"రాయి" అనింది, నాకు అక్షరాలొచ్చు గదా అని.

తల్లి: బాయి పక్కది. కాయ రెండు కేజీలు, ఎరుపు.
తండ్రి: ఆరో వరస, మూడోది.
కాయ: ఇంకా తెలీదు.