గోటితో విన్నది

పందొమ్మిదేళ్లు నా ఉద్యోగం ఈ గోటి మీదే నడిచింది.
బెల్టు మీద వచ్చే ప్రతి గ్లాసునూ ఒకసారి మీటి
చెవొగ్గడం.
బాగున్నది చాలాసేపు పలుకుతుంది.
బీటున్నది దగ్గి ఊరుకుంటుంది.
దగ్గినవి ఎడమచేతి డబ్బాలోకి,
అక్కణ్ణించి మళ్లీ కొలిమిలోకి.

మంగళవారం పొద్దున్న గేటుకి కాగితం కట్టారు
వానకి తడవకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి మరీ.
దివాలా అన్న మాటని
జుల్మీరా పైకి చదివింది, రెండుసార్లు,
రెండోసారికి ఏమైనా మారుతుందేమో అన్నట్టు.
నూట నలభై ఇద్దరం.
మూడు నెలల జీతం బాకీ.
లెయిరీయా అడవి నుంచి పైన్ జిగురు వాసన
ఎప్పట్లాగే వస్తోంది.

కొలిమి ఆర్పడమంటే స్విచ్చి నొక్కడం కాదు.
క్రిస్మస్ రాత్రి కూడా ఆరనిది
లోపలి గాజు గడ్డకడుతూ, గడ్డకడుతూ
ఆరు రాత్రులు పగిలింది.
ఇన్నాళ్లూ దాని హోరులో నిద్రపోయిన వీధి
కళ్లు తెరుచుకుని పడుకుంది.
నా గోరు దానంతటదే
దుప్పటి మీద కదిలింది.

గొట్టం ఊదే జెర్వాజియుకి యాభై ఆరేళ్లు.
కొత్త కొలువుకి డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు.
ఊపిరి కొలిచే మిషన్లో ఊదితే
సూది చివరి గీత దాటి ఆగింది.
ఇంత దమ్ము ఎక్కడిదయ్యా అందట డాక్టరమ్మ.
ఎవరెవరో ఎత్తి తాగే గుండ్రాలన్నీ
నా బుగ్గలవేనమ్మా అన్నాడట.
కొలువు వచ్చింది. సిమెంటు గోడౌన్లో రాత్రి కాపలా.
ఊదుకోమని ఈల ఇచ్చారు.

కాఫీ కొట్టులో కొత్త గ్లాసులు దిగాయి,
అచ్చులో పోసినవి. అతుకు గీత పెదవికి తగులుతోంది.
ఎవరం ఏమీ అనలేదు.
నేను మీటలేదు.

లిస్బన్ నుంచి వచ్చిన లిక్విడేటర్
మనిషికో పెట్టె చేతిలో పెట్టి
సంతకం చేయించుకున్నాడు.
జీతం కింద కాదు, గుర్తుగా ఉంచుకోండి అన్నాడు.
పన్నెండు వైన్ గ్లాసులు.
మా ఇంట్లో వైన్ మాని రెండు నెలలైంది.

రాత్రి వంటింట్లో ఒక్కోటీ తీసి మీటాను.
ఆరు పలికాయి.
ఏడోది దగ్గింది.
నా చేతిలోంచే దాటి పోయిందన్నమాట,
ఏ సోమవారమో, ఏ తలనొప్పి పూటో,
లేక అప్పటికే ఆఫీసు గది తలుపులు
ఊరికే మూసుకుంటున్న రోజుల్లోనో.

ఎడమచెయ్యి డబ్బా కోసం వెతికింది.
అక్కడ ఉల్లిపాయల బుట్ట ఉంది.
కాసేపు అలాగే పట్టుకు నిలబడి
కుళాయి నీళ్లు పట్టాను.
కారలేదు.
తాగేశాను.
మిగతా అయిదూ మీటలేదు.