పసుపు అక్షరాలు

తరమణిలో నాలుగో అంతస్తు. కిటికీ అవతల
సగం ఖాళీ రైలు వేళచ్చేరి వైపు పోతోంది.
నా పని గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు:
ఎవరో రాసిన ప్రోగ్రాముని ఎవరో కడతారు,
ఆ కట్టే స్క్రిప్టుకి నేను కాపలా.

కంపైలర్‌తో నాలుగు మాటలు చెప్పుకోడానికి
ఇంటి ముందు అరుగులా కాస్త చోటు వదిలాను.
వచ్చారు.
ఒకాయన మైనస్ ఓ త్రీ అన్నాడు, సరే.
ఒకావిడ మైనస్ ఓ తొమ్మిది అంది.
తొమ్మిది లేదు తల్లీ, మూడుతో ఆఖరు,
కంపైలర్ నవ్వుకుని మూడే ఇస్తుంది.
ఇంకొకడు హెచ్చరికలన్నిటి నోరూ మూయించమన్నాడు.
మరొకడికి లెక్క తొందరగా తేలాలి,
దశాంశాల దగ్గర చూసీచూడనట్టు పోవాలి:
ఫాస్ట్ మ్యాథ్.

మొదట్లో నాకు మొహమాటం.
అనుమానం తగిలిన ఫ్లాగుని చడీచప్పుడు లేకుండా తీసేసి
మిగతాది కట్టి చేతిలో పెట్టేదాన్ని.

ఎన్నూరు నుంచి ఇన్బనాథన్ ఫోన్.
రేవులో క్రేన్ల తూకం చూసే ప్రోగ్రాము ఆయనది.
"మూడు రోజులమ్మా. నేనిచ్చిన ఫ్లాగు ఎందుకు పనిచేయడం లేదో అని
నా కోడంతా తిరగేశాను.
తీసేశానని ఒక్క ముక్క చెప్పుంటే?"
తిట్టలేదు. తిట్టుంటే బావుండేది.
మౌనం అర్ధాంగీకారం అంటారు.
నా స్క్రిప్టు మౌనం మాత్రం
అంగీకారం ముసుగేసుకున్న నిరాకరణ.

ఆ సాయంత్రమే రోషంగా తిరగరాశాను:
తెలియని ఫ్లాగు కనబడితే ఆగు. ఎర్రగా అరువు. చావు.
వళర్మతి నా భుజం మీంచి చూసి
"ఎవరి మీద కోపం?" అని అడిగి, కాఫీ కప్పుతో వెళ్లిపోయింది.

నవంబరు తుపాను. పెరుంగుడిలో మోకాలి లోతు నీళ్లు.
రేవులో గాలి ముదిరేలోగా
తూకం ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చాలి.
ఇన్బనాథన్ అర్ధరాత్రి కట్టబోయాడు.
పాత కంపైలర్ కోసం ఆయన పెట్టుకున్న అమాయకపు ఫ్లాగొకటి
నా జాబితాలో లేదు.
స్క్రిప్టు ఆగింది. ఎర్రగా అరిచింది. చచ్చింది.
ఆయనేం చేస్తాడు?
దాన్ని తెరిచి, నా తనిఖీలు నూట పన్నెండు వరుసలూ
చెరిపి పారేశాడు.
తర్వాత నాతో చెప్పాడు కూడా, మర్యాదగా.
నిజంగా ఆపవలసినవాటిని ఆపే వరుసలూ
ఆ నూట పన్నెండులోనే ఉన్నాయి.
అవి లేకుండానే ఆర్నెల్లు ఎన్నూరులో బరువులు లేచాయి, దిగాయి.
తాళం మరీ గట్టిదైతే
కన్నం గోడకి పడుతుంది.

మొన్న బస్సులో, టేపంటించిన పది రూపాయల నోటిచ్చాను.
కండక్టరు బస్సు ఆపలేదు,
చూడనట్టు సంచిలోనూ వేసుకోలేదు.
వెలుతురుకి పట్టి, నలుగురికీ వినబడేలా
"చిరిగిన నోటు" అన్నాడు. టిక్కెట్టు చింపాడు.
ఆ ఒక్క నోటునీ విడిగా, నిలువునా మడిచి
చిటికెన వేలి సందులో పెట్టుకున్నాడు.
దిగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఇచ్చింది ఇచ్చినట్టే కంపైలర్‌కి అందిస్తున్నాను,
కాకపోతే పేరు పెట్టి, పసుపు అక్షరాల్లో, పైకి చెప్పి.
కట్టిన ప్రోగ్రాము లోపల కూడా రాసిపెడుతున్నాను
ఇది అడిగి పెట్టించుకున్న ఫ్లాగు అని.
ఫాస్ట్ మ్యాథ్ దగ్గర మాత్రం, అదీ తూకాల లెక్కలో,
ఇంకా ఆపుతున్నాను.
"తెలిసే అడుగుతున్నాను" అని చేత్తో టైపు చేయాలి.
చేస్తే, తలుపు తీస్తాను. నాది కాదు ఆ క్రేను.
నాది కాదా? ఈ వరుస దగ్గర ఇప్పటికీ రెండు రోజులకోసారి తడబడతాను.

"పసుపు అక్షరాలు ఎవరు చదువుతారు?" అంది వళర్మతి.
పసుపు పూసినంతలో శుభలేఖ కాదుగా, ఎవరూ చదవరు.
నా సొంత బిల్డులోనే మార్చి నుంచి పదకొండున్నాయి,
రోజూ పైకి తోసేసి కింద "పూర్తయింది" కోసం చూస్తాను.

వేళచ్చేరి రైలు మళ్లీ వచ్చింది.
వేలు ఆపి, పదకొండింటిలో మొదటిది చదివాను.
పాపం, అది నిజమే చెబుతోంది.